చల్లిన గంజాయి గింజలు అడవి మొక్కలై పాకిపోతాయా?

ప్రశ్న: పిట్టలకు వేసే మిశ్రమ గింజలు రాలిన చోట మా పెరట్లో మూడు కొత్త మొక్కలు లేచాయి. ఆకు చూస్తే గంజాయిలా ఉంది. గింజల ప్యాకెట్ మీద హెంప్ అని కూడా రాసి ఉంది. మా తమ్ముడు "ఇక ఇది కలుపులా చుట్టుపక్కలంతా పాకుతుంది, ఎవరైనా నాలుగు బస్తాల గింజలు రోడ్ల వెంట చల్లితే ఐదేళ్లలో దేశమంతా ఇదే ఉంటుంది, పీకేవాళ్లు కూడా అలిసిపోతారు" అంటున్నాడు. ఇందులో నిజమెంత? నేలలో పడిన గింజ ఎన్నేళ్లు బతికి ఉంటుంది? ఇప్పుడు నేనేం చేయాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ తమ్ముడి మాటలో సగం నిజం ఉంది. కొన్ని ప్రాంతాల్లో గంజాయి ఎవరూ విత్తకుండానే దశాబ్దాలుగా పెరుగుతోంది, పీకినా మళ్లీ వస్తోంది. మిగతా సగం తప్పు. ఎన్ని బస్తాలు చల్లామన్నదానికీ వ్యాప్తికీ సంబంధం చాలా తక్కువ. గింజ మొలవడం వేరు. ఆ మొక్క గింజ రాల్చి, రాలిన గింజ మరుసటి ఏడాది మొలిచి, మనిషి చెయ్యి పడకుండా అలా పదేళ్లు సాగడం వేరు. మొదటిది తేలిక. రెండోది జరగాలంటే తగిన నేల, తగిన పగటి నిడివి, తగిన వంశం నుంచి వచ్చిన గింజ ఒకే చోట కలవాలి. పెరట్లో అవి కలిసే అవకాశం తక్కువే. అయినా ఆ మూడు మొక్కల్ని అలాగే వదిలేయమని మాత్రం చెప్పం.

ముందు అవి గంజాయేనా అన్నది తేల్చుకోండి. వావిలి, వామింట, గోగు చూసి గంజాయి అని కంగారుపడేవాళ్లు చాలామంది. వావిలి ఆకు కూడా ఐదు వేళ్లతోనే ఉంటుంది గానీ అది కర్రబారిన కొమ్మల పొద, ఆకు అడుగుభాగం బూడిద తెలుపు, పూత నీలం కలిసిన ఊదా. వామింట పూలకు కేసరాలు పొడుగ్గా బయటికి వస్తాయి, కాయ సన్నగా పొడుగ్గా ఉంటుంది. గోగు పువ్వు పెద్దది, లేత పసుపు, నడుమ ముదురు ఎరుపు. గంజాయికి రేకులున్న పువ్వే ఉండదు, పూత ఆకుపచ్చగా ఉంటుంది. మొలక దశలోనే పోల్చుకోవాలంటే ఆకుల వరస చూడాలి. బీజదళాల తరువాత వచ్చే మొదటి జత ఆకులు ఒంటి రెక్కతో ఉంటాయి, తరువాతి జతకు మూడు రెక్కలు, ఆపైన ఐదు, ఏడు. అంచు రంపపు పళ్లలా కోసుకుపోయి ఉంటుంది. కింది కణుపుల దగ్గర ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. కాండం మీద నిలువు గాడులు కనిపిస్తాయి. గోగు ఆకులు మొదటినుంచీ ఒకటి విడిచి ఒకటి వస్తాయి కాబట్టి ఈ ఒక్క గుర్తు దాన్ని పక్కన పెట్టేయడానికి చాలు.

ప్యాకెట్లో హెంప్, అంటే నారకూ గింజకూ పండించే గంజాయి రకం, ఉందంటే మొలిచినందుకు ఆశ్చర్యపడనక్కర్లేదు. అమెరికాలో 1937 గంజాయి పన్ను చట్టం వచ్చినప్పుడు పిట్టల మేతకు అమ్మే ఈ గింజను మొలవకుండా చంపాకే అమ్మాలన్న నిబంధన పెట్టాల్సి వచ్చింది. అప్పటికే పిట్టల మేత రాలిన చోటల్లా మొక్కలు లేస్తుండేవి మరి. అన్ని చోట్లా ఆ నిబంధన లేదు. ఉన్నచోట కూడా వేడి సరిగా తగలని గింజలు కొన్ని మిగిలిపోతాయి.

మనం గింజ అంటున్నది నిజానికి గట్టి పెంకున్న చిన్న కాయ. లోపలి పదార్థంలో నూనె, మాంసకృత్తులు పుష్కలం. మొత్తం గింజ బరువులో సుమారు మూడో వంతు నూనే. వేల ఏళ్ల సాగులో రైతులు ఎంచుకుంటూ వచ్చిన రకాల్లో నిద్రావస్థ, అంటే తడి తగిలినా వెంటనే మొలవకుండా ఆగే గుణం, దాదాపు పోయింది. తడి తగిలి, నేల 8–10 డిగ్రీల సెల్సియస్ దాటితే మొలక ఊపందుకుంటుంది. 25 డిగ్రీలు ఉంటే వారం తిరక్కుండానే పైకి వస్తుంది. చేనంతా ఒక్కసారిగా మొలవాలి కాబట్టి రైతుకు కావలసింది ఇదే. బయట నేల మీద ఈ గుణమే చేటు. ఒక్క జల్లుకు గింజలన్నీ లేస్తాయి. తరువాత పది రోజులు వాన ముఖం చాటేస్తే అన్నీ కలిసి ఎండిపోతాయి, నేలలో మిగిలిన నిల్వ అంటూ ఉండదు.

ఎన్నో తరాలుగా బయట పెరిగిన గంజాయి గింజ ఇలా ఉండదు, ఈ తేడాను కంటితోనే చూడవచ్చు. కెనడా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్మాల్, అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ క్రాంక్విస్ట్ 1976లో గీసిన గీత ప్రకారం పొడవు సుమారు 3.8 మిల్లీమీటర్లకు తక్కువ ఉన్నది అడవి తరహా, అంతకు మించినది సాగు తరహా. అడవి గింజ చిన్నది, మీద మచ్చల పొర ఉండి మట్టిలో కలిసిపోతుంది, అడుగున సన్నని కాడలాంటి నొక్కు ఉండి పండగానే అక్కడ విడిపోయి రాలుతుంది. సాగు గింజ కంకిలోనే పట్టుకుని కూర్చుంటుంది, ఎవరో వచ్చి కోసి దులపాలి. అడవి గింజల్లో నిద్రావస్థ కూడా ఉంటుంది. కొన్ని చలి, తడి తిన్నాక గానీ మొలవవు, కొన్ని ఈ ఏడాది లేస్తే కొన్ని మరుసటి ఏడాదికి ఆగుతాయి. రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్ 1920ల్లోనే ఈ లక్షణాలను నమోదు చేశాడు. అడుగునున్న నూనె బొడిపె కోసం ఎర్రటి నల్లులాంటి పురుగులు గింజలను ఈడ్చుకుపోతాయని కూడా రాశాడు. మీ ప్యాకెట్లో మిగిలిన హెంప్ గింజలు నాలుగు తీసి స్కేలు మీద పెట్టి చూడండి. నాలుగు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా, గుండ్రంగా, నున్నగా ఉంటే అది సాగు రకం. అడవిలో బతికే సామాను దాని దగ్గర తక్కువ.

ఇప్పుడు చల్లడం సంగతి. నేల మీద పడేసిన గింజకు మొదటి గండం ఆకలి. ఇంత నూనె ఉన్న గింజను పావురాలు, గువ్వలు, పిచ్చుకలు, ఎలుకలు, చీమలు, నేలపురుగులు వదిలిపెట్టవు. పక్షి కడుపులోంచి చెక్కుచెదరకుండా బయటపడేవి కొన్నే, చాలావరకు కండకడుపులో నలిగిపోతాయి. రెండో గండం లోతు. హెంప్ రైతులు 2–3 సెంటీమీటర్ల లోతులో విత్తుతారు. పైన పడి ఉన్న గింజకు ఒక పక్కే తడి తగులుతుంది, వేరు మట్టిలోకి దిగేలోపే ఎండ కాల్చేస్తుంది. ఏ ఎద్దు గిట్ట కిందో పడి 7, 8 సెంటీమీటర్ల లోతుకు పోయిన గింజ మొలిచినా పైకి రాలేదు. మూడోది నీరు. లేత వయసులో దీనికి నిలవ నీరు అస్సలు గిట్టదు. బంకమట్టి నేలలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలి అందక మొక్క పసుపుబారుతుంది, పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులతో నారుకుళ్లు పట్టి మొదలు దగ్గర విరిగి పడుతుంది. ఇవన్నీ దాటిన మొలకకు నత్తలు, కుందేళ్లు ఎలాగూ ఉన్నాయి.

వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి గడ్డి. గరిక, తుంగ అల్లుకున్న నేలలో గంజాయి నెగ్గుకురాదు. మూడు నాలుగు వారాలు ఎవరూ నీడ పట్టకుండా వదిలితే అది పక్కవాటిని మించి ఎదిగి తానే నీడ పడుతుంది. ఆ మూడు నాలుగు వారాలు దొరకడమే కష్టం. వేళ్లతో, గడ్డలతో ఏళ్ల తరబడి పాతుకున్న మొక్కల మధ్య ప్రతి ఏడాదీ గింజ నుంచి మొదలయ్యే మొక్కకు పైచేయి కావాలంటే ఎవరో ఒకరు ఏటా ఆ నేలను తెరిచి ఇవ్వాలి. ఏటి వరద గానీ, నాగలి గానీ, పశువుల తొక్కుడు గానీ, తవ్వి వదిలేసిన మట్టి గానీ. చెట్ల నీడలో ఇది సన్నగా సాగి పడిపోతుంది కాబట్టి 'అడవి మొక్క' అంటాం గానీ దట్టమైన అడవి దీని చోటు కాదు.

ఇక సంతతి లెక్క. గంజాయిలో సాధారణంగా ఆడ, మగ మొక్కలు వేరువేరు, సుమారు సగం సగం. పుప్పొడి గాలిలో పోతుంది, తేనెటీగల అవసరం లేదు. ఒక ఆడ మొక్క వేల గింజలు రాల్చవచ్చు గాక, ఆ చోట గుంపు తగ్గకుండా నిలవాలంటే ఒక్కో ఆడ మొక్కకు మరుసటి ఏడాది పూత దాకా బతికే పిల్లలు సగటున రెండు ఉండాలి, ఒక ఆడ, ఒక మగ. వెయ్యి గింజల్లో రెండు చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ పైన చెప్పిన గండాలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు ఆ రెండు కూడా మిగలని చోట్లే ఎక్కువ. ఉదాహరణకు వెయ్యిలో తొమ్మిది వందలు తినేస్తే వంద, వాటిలో సగం మొలిస్తే యాభై, నీరు, తెగులు, నత్తలు పోగా పది, గడ్డి నీడలోంచి బయటపడేది ఒకటి అనుకుందాం. ఆ ఒక్కటి కూడా తోడు లేకుండా నిలబడుతుంది. ఇలా ఏటా గుంపు సగమవుతూ పోతే కొన్నేళ్లకు ఏమీ మిగలదు. మొదట బస్తా చల్లారా పిడికెడు చల్లారా అన్నది ఆ తుడిచిపెట్టుకుపోవడాన్ని కొన్నేళ్లు ముందుకో వెనక్కో జరుపుతుంది, అంతే. అదే ఒక్కో ఆడ మొక్కకు మూడు మిగిలే నేల దొరికితే పిడికెడు గింజలు కూడా చాలు.

చెదురుమదురుగా మొలిచిన మొక్కల విషయంలో ఇంకో లెక్క ఉంది. రెండే మొక్కలు బతికితే రెండూ ఆడవో రెండూ మగవో అయ్యే అవకాశం సగం. మూడైతే పావు వంతు, నాలుగైతే ఎనిమిదో వంతు. అంటే మీ మూడు మొక్కల్లో ఆడా మగా రెండూ ఉండే అవకాశం నాలుగింట మూడు వంతులు. అప్పుడప్పుడు ఒకే మొక్క మీద రెండు రకాల పూలూ వస్తాయి, ఒంటరి ఆడ మొక్క కూడా నాలుగు గింజలు కట్టవచ్చు. పక్కన ఎక్కడైనా హెంప్ చేలు ఉంటే ఈ లెక్కలేవీ నిలవవు. పుప్పొడి కిలోమీటర్ల కొద్దీ పోతుంది. మొరాకోలో పండే గంజాయి పుప్పొడి సముద్రం దాటి దక్షిణ స్పెయిన్‌లోని గాలి నమూనాల్లో దొరికింది. విత్తనానికి పండించే హెంప్ చేలను అందుకే ఒకదానికొకటి కిలోమీటర్ల దూరంలో పెడతారు.

పగటి నిడివి సంగతి చాలామందికి తట్టదు, తలపెట్టిన వ్యాప్తి విఫలం కావడానికి మాత్రం అదే పెద్ద కారణం. గంజాయి పగళ్లు కుదించుకుపోయేటప్పుడు పూసే మొక్క. ఎక్కువ రకాలు పగలు 12–14 గంటలకు దిగినప్పుడు పూతకు వస్తాయి, ఏ రకానికి ఎంత అన్నది అది పుట్టిన అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. భూమధ్యరేఖకు దగ్గరి రకాన్ని ఉత్తరాన చల్లితే ఏపుగా పెరుగుతుంది గానీ పూత వచ్చేసరికి శరదృతువు దాటిపోతుంది. పరాగం అందిన తరువాత గింజ ముదరడానికి ఇంకో 4–6 వారాలు కావాలి, ఆలోపే గట్టి మంచు పడి మొక్క చచ్చిపోతుంది. మొక్క కనబడింది, పిల్లలు లేరు. ఉత్తరాది హెంప్‌ను ఉష్ణమండలంలో చల్లితే దీనికి తలకిందులుగా జరుగుతుంది. అక్కడి పగళ్లు మొదటినుంచీ చిన్నవి కాబట్టి మొలిచిన కొద్ది వారాలకే, మోకాలెత్తు రాకుండానే పూసి, గుప్పెడు గింజలిచ్చి ముగుస్తుంది. చుట్టూ గడ్డి దానికి రెండింతలు ఉంటుంది. పగటి నిడివితో పనిలేకుండా వయసును బట్టి పూసే రకం కూడా ఉంది. 1924లో రష్యా శాస్త్రవేత్త యనిషెవ్‌స్కీ రుడెరాలిస్ అని పేరుపెట్టినది ఆ తరహాదే. అక్కడి కురచ వేసవిని అందుకోవడానికి అలా మారింది, మొక్క మాత్రం కురచ.

మరి నిజంగా పాకిన చోట్లు ఎలా వచ్చాయి? హిమాలయాల దిగువ వాలుల్లో, నేపాల్‌లో, మధ్య ఆసియాలో ఇది ఊళ్ల చుట్టూ, పశువుల దొడ్ల దగ్గర, ఏటి ఒడ్డున పెరుగుతుంది. కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్‌ల మధ్య చూ నది లోయ ఇందుకు పేరుపడ్డ చోటు. అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో, అయోవా, నెబ్రాస్కా, ఇండియానా, ఇలినాయ్ లాంటి చోట్ల, కాలువ గట్ల మీద లేచే మొక్కలు పాత నార పంటల సంతానం. పందొమ్మిదో శతాబ్దంలోనే అక్కడ హెంప్ సాగు ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో ఫిలిప్పీన్స్ జపాన్ చేతికి పోయి తాళ్ల నార ఆగిపోవడంతో 1942 నుంచి ప్రభుత్వమే మళ్లీ సాగు చేయించింది. యుద్ధం ముగిసింది, సాగు ఆగింది, గట్ల మీది మొక్క మిగిలింది. ఆ తరువాత దశాబ్దాల పాటు అధికారులు పీకి లెక్కరాసిన మొక్కల్లో ఇదే అత్యధికం. మత్తు పదార్థం పేరుకు మాత్రమే ఉండే ఆ కలుపును పీకడానికి అంత డబ్బు పోయడం ఎంతవరకు తెలివైన పని అన్నది వేరే చర్చ.

ఆస్ట్రేలియాలో 1964లో హంటర్ నది లోయలో పదుల కిలోమీటర్ల పొడవున అడవి గంజాయి బయటపడింది. దాన్ని వదిలించుకోవడానికి ఏళ్లు పట్టింది. 1951 వేసవిలో న్యూయార్క్ పారిశుధ్య సిబ్బంది నగరంలోని ఖాళీ స్థలాల నుంచి 41,000 పౌన్ల మొక్కలు, అంటే 18 టన్నులకు పైగా, పీకి కాల్చారు. ఈ చోట్లన్నిటిలోనూ సామాన్యంగా కనబడేది ఒండ్రు లేదా వదులు నేల, నిండుగా నత్రజని, పూర్తి ఎండ, నీరు పక్కనే ఉన్నా నిలవకపోవడం, ఏటా ఏదో ఒక కారణంగా నేల తిరగబడటం. వీటిలో ఎక్కువ చోట్ల తొలి గింజ గుప్పెళ్లతో చల్లింది కాదు. ఎకరాల కొద్దీ చేల నుంచి ఏడాది తరువాత ఏడాది రాలిపడింది. రాలి తట్టుకోలేనివి పోయాయి, ముందే రాలేవి, నిద్రపోయేవి, చిన్నవి మిగిలాయి. కొన్ని పదుల తరాల్లో సాగు గింజ అడవి గింజగా మళ్లింది. 110 గంజాయి జన్యుపటాలను పోల్చి 2021లో అచ్చయిన పరిశోధన అయితే అసలైన ఆదిమ అడవి గంజాయి బహుశా అంతరించిపోయిందనీ, ఇప్పుడు అడవిలో కనిపించేదంతా ఒకప్పుడు పొలం దాటి వచ్చినదేననీ అంటోంది.

కావాలని చల్లిన ఉదంతాలూ ఉన్నాయి. 2013 వేసవిలో జర్మనీలోని గోటింగెన్ నగరంలో గంజాయి చట్టాలకు నిరసనగా కొందరు కిలోల కొద్దీ గింజలు పూలతొట్టెల్లో, వీధుల పచ్చని పట్టీల్లో చల్లారు. మొక్కలు బాగానే లేచాయి, పోలీసులు ఊరంతా తిరిగి పీకారు. లేచినవి ఎక్కడో చూడండి: తొట్టెలు, పాదులు, అంటే తోటమాలి గడ్డి తీసి, మట్టి వదులుచేసి, నీళ్లు పోసే చోట్లు. నిరసనగా అది ఫలించింది. అక్కడ నాటింది మాత్రం ఒక ఏడాది మొక్కల్ని.

అడవి మొక్కే పాకినా దాని నడక నెమ్మది. గింజకు రెక్కలు, ముళ్లు లేవు, ఎక్కువ భాగం తల్లి మొక్క నుంచి రెండు మూడు మీటర్లలోనే రాలుతుంది. దూరం పోవడం నీటి వల్ల, బురద టైర్ల వల్ల, మట్టి తరలింపు వల్ల, కొంత పక్షుల వల్ల. వ్యాప్తి ఊరంతా చాపలా పరుచుకోకుండా కాలువ వెంట, బాట వెంట గీతలా సాగడానికి ఇదే కారణం.

ఎవరైనా మత్తు రకం గింజ చల్లితే అడవంతా మత్తు మొక్కలే అవుతాయన్న ఊహ కూడా నిలవదు. మత్తు పదార్థం ఎక్కువగా ఉండటం మనిషి ఎంచుకుని నిలబెట్టిన గుణం. ఎంపిక ఆగిపోయి, గాలిలో వచ్చే హెంప్ పుప్పొడితో కలుస్తూ పోతే తరతరానికీ అది పలచబడుతుంది. అమెరికా గట్ల మీది మొక్కలో అది సాధారణంగా అర శాతానికి లోపే.

మీ మరో ప్రశ్న, గింజ ఆయుష్షు. పొడిగా, చల్లగా, మూత బిగించి దాచితే చాలా ఏళ్లు ఉంటుంది. గది వేడిలో, తేమ గాలిలో ఉంచితే నూనె చెడిపోయి రెండు మూడేళ్లలో మొలక శాతం పడిపోతుంది. తడి నేలలో సాగు రకం గింజ మొదటి ఏడాదే మొలుస్తుంది లేదా కుళ్లుతుంది. హెంప్ కోసిన చేలో మరుసటి పంటలో పడి మొలిచిన మొక్కలు కనిపించి, ఆపైన పలచబడటం అందుకే. నిద్రావస్థ ఉన్న అడవి గింజ మాత్రం కొన్నేళ్లు నేలలో ఆగగలదు. మీ లెక్కకు మూడేళ్ల నిఘా పెట్టుకోండి, చాలు.

ఇక చేయవలసింది. మొక్కలు పూతకు రాకముందే, అంటే ఈ వారమే, నేల తడిగా ఉన్నప్పుడు మొదలు పట్టి నిట్టనిలువుగా లాగండి. తల్లివేరుతో సహా వచ్చేస్తుంది. నేల గట్టిగా ఉంటే ముందు రోజు సాయంత్రం నీళ్లు పోసి ఉంచండి. కొడవలితో కోయాలనుకుంటే అట్టడుగు కణుపు కింద, మట్టి మట్టానికి కోయాలి. పైన నాలుగు కణుపులు వదిలి కోస్తే పక్క కొమ్మలు వేసి పొదలా లేస్తుంది, అప్పుడు పూత ఇంకా ఎక్కువ. పూత లేని మొక్కను ఎండలో వేళ్లు పైకి పెట్టి ఆరబెడితే చచ్చిపోతుంది, ఎరువు గుంతలో వేసుకోవచ్చు.

పూత మొదలై ఉంటే ఆడా మగా చూసుకోండి. కొమ్మ చీలిన చోట తెల్లని రెండు సన్నని దారాలు పైకి వస్తే ఆడది, చిన్న మొగ్గలు గుత్తులుగా వేలాడితే మగది. మగ మొక్కలు కాస్త ముందే పూస్తాయి. మొగ్గలు విచ్చుకుని దులపగానే పసుపు పొడి రాలుతుంటే, పక్కనున్న ఆడ మొక్కకు పరాగం అందినట్టే లెక్కపెట్టుకుని దాన్ని గింజ ఉన్న మొక్కగానే చూడండి. ఆడ కంకిని వేళ్ల మధ్య నలిపితే గట్టి పూసలు తగులుతాయా? అయితే లాగేముందే తలమీద సంచి తొడిగి, మూతి కట్టి, అప్పుడు పీకండి. ముదిరిన గింజ తాకితేనే రాలుతుంది. అలాంటి మొక్కను ఎండబెట్టి వదిలేయకూడదు, పీకిన తరువాత కూడా కంకిలో గింజ ముదురుతుంది. మామూలు ఎరువు గుంత గింజను చంపదు. కుప్ప లోపల 55–60 డిగ్రీల వేడి కొన్ని రోజులు నిలబడి, తిరగేసి అంచుల్లోని చెత్తకు కూడా ఆ వేడి తగిలితేనే చస్తుంది. ఆ నమ్మకం లేకపోతే కంకులను మరిగే నీళ్లలో ఓ పది నిమిషాలు ఉంచి ఆపైన పారేయండి.

గింజ రాలిందని అనుమానం ఉన్న చోట మట్టిని తవ్వి తిరగేయకండి. చాలామంది చేసే పొరపాటు ఇదే. తవ్వితే లోపలివి పైకి వస్తాయి, నేల వదులవుతుంది, గడ్డి పోతుంది. గంజాయికి కావలసినవన్నీ మనమే అమర్చినట్టవుతుంది. దానికి బదులు ఎండుటాకులు, గడ్డి 8–10 సెంటీమీటర్ల మందాన కప్పండి, లేదా అక్కడ గరిక అల్లుకోనివ్వండి. గడ్డిని రెండు వారాలకోసారి నేలకు దగ్గరగా కోస్తే మధ్యలో లేచిన గంజాయి మొలక తలా కణుపులూ పోయి చస్తుంది, గరిక మళ్లీ చిగురిస్తుంది. ఎరువు, పశువుల పేడ అక్కడ వేయకండి.

పిట్టల మేత మానక్కర్లేదు. మేత గిన్నె కింద వెడల్పాటి పళ్లెం పెట్టి రాలినవాటిని వారానికోసారి ఊడ్చేయండి. గిన్నె కింద నేల బండలతోనో కంకరతోనో కప్పితే ఇంకా మంచిది. హెంప్ లేని మిశ్రమం, లేదా పొట్టు తీసిన హెంప్ పప్పు దొరికితే అది తీసుకోండి, పొట్టు తీసినది మొలిచే అవకాశం దాదాపు ఉండదు. ఉన్న ప్యాకెట్టునే వాడాలంటే పది నిమిషాలు ఉడికించి, పూర్తిగా ఆరబెట్టి వేయండి. తడిగా డబ్బాలో పోస్తే బూజు పడుతుంది, బూజు గింజ పిట్టలకు ప్రమాదం.

చట్టం మాట ఒకటి. చాలా దేశాల్లో ఈ మొక్కను పెంచడం నేరం, మొక్కలు ఎన్నని గానీ వాటిలో మత్తు ఎంతని గానీ అన్ని చోట్లా చూడరు. దానంతట అదే మొలిచిందన్న జవాబు, నడుమెత్తు మొక్కకు మీరు పాదు చేసి నీళ్లు పోస్తున్నట్టు కనబడితే ఎవరూ నమ్మరు. పైగా ఊళ్లో ఎక్కడైనా గింజలు చల్లడమంటే అక్కడి స్థలం యజమానిని చిక్కుల్లో పెట్టడమే. మీ తమ్ముడికి ఈ ముక్క విడిగా చెప్పండి. మీ మొక్కలు చిన్నవిగా ఉండగానే పీకేస్తే మీ వరకు ఏ పేచీ లేదు. ఆ తరువాత వచ్చే రెండు మూడు వానాకాలాల్లో తొలి జల్లు పడిన పది రోజులకు ఒకసారి, నెల తరువాత మరోసారి మేత గిన్నె చుట్టూ మూడు మీటర్ల మేర, నీరు పారే వాలు ఉంటే ఆ వాలు వెంట చివరిదాకా చూడండి. రంపపు అంచుతో ఒంటి రెక్క ఆకుల జత కనబడితే అప్పుడే వేళ్లతో లాగేయండి.